పెద్ద డైరెక్టర్ మీద అద్దాల బాబాయి పెట్టిన కేసు

పెద్ద డైరెక్టర్ గురించి ఎవరైనా ఒక్క మంచి మాట అన్నారో, అద్దాల బాబాయికి ఒళ్లంతా కారం రాసినట్టుండేది. 'అంత సీన్ లేదు' అని తీర్పు చెప్పేస్తే తప్ప ఆయన ఊపిరి కిందికి దిగేది కాదు. మరో లోపం వెతుకుదామన్నా ఆ మనిషిలో దొరకదు. సిగరెట్టు లేదు, పేకాట లేదు, పెళ్లాం మీద గొంతు పెంచడం లేదు. ఉన్నదల్లా ఈ ఒక్క పిచ్చే. అది మాత్రం పుష్కలంగా ఉంది.

పెద్ద డైరెక్టర్ అంటే సామాన్యుడు కాదండోయ్. దేశదేశాల వాళ్లు పిలిచి బహుమతులిచ్చిన మనిషి. బాబాయి ఉండే వీధిలో ఆయన్ని పేరుపెట్టి పిలిచే ధైర్యం ఎవరికీ లేదు. ఆయన సినిమాలక్కూడా జనం ముద్దుపేర్లే వాడేవాళ్లు: గొడుగు సినిమా, రైలు సినిమా, మెట్ల సినిమా. అలాంటి మహానుభావుణ్ని పట్టుకుని, గది వెడల్పు కూడా లేని కళ్లద్దాల షాపులో కూర్చుని ఈయన రోజూ ఉతికి ఆరేసేవాడు. గోడనిండా వేలాడే ఖాళీ ఫ్రేములు కూడా గుడ్లప్పగించి వింటున్నట్టుండేవి.

ఒకసారి కాలేజీ అమ్మాయి ఒకతి చూపు పరీక్షకి వచ్చింది. అక్షరాల అట్టలో అట్టడుగు వరస దాకా గడగడా చదివేసింది.

"శభాష్! చూపు బంగారంలా ఉంది. ఇంతకీ మెట్ల సినిమా చూశావా తల్లీ?"

"చూడకపోవడమేంటండీ, అద్భుతం కదా!"

బాబాయి మొహం మాడిపోయింది. "అద్భుతమా? అయితే ఆ కుర్చీలో మళ్లీ కూర్చో. ఎక్కడో తేడా ఉంది. ఇందాక నేనే సరిగ్గా చూడలేదు."

ఇంకోసారి కొత్తగా పెళ్లయిన కుర్రాడొకడు, రైలు సినిమా చూస్తుంటే కళ్లనీళ్లు ఆగలేదని చెప్పుకున్నాడు. బాబాయి టార్చిలైటు వేసి వాడి రెండు కళ్లూ నిదానంగా చూశాడు. "అది ఏడుపు కాదు నాయనా. కళ్లు పొడిబారితే అలాగే నీళ్లు కారతాయి. చుక్కల మందు రాసిస్తాను, రెండు పూటలా వేసుకో. ఆ సినిమాకి అంత సీన్ లేదు."

పెద్ద డైరెక్టర్‌కి అన్నింటికన్నా పెద్ద బహుమతి వచ్చిన రోజు, వీధి వీధంతా టీ కొట్టు టీవీ ముందు చేరింది. బాబాయీ వచ్చాడు. ఎలా వచ్చాడనుకున్నారు? మిట్టమధ్యాహ్నం ఎండలో వెల్డింగ్ చేసేవాడిలా నల్లకళ్లద్దాలు పెట్టుకుని! "ఇంత వెలుగు నేను తట్టుకోలేనయ్యా" అంటూ బల్ల చివర ముడుచుకు కూర్చున్నాడు. టీ కొట్టతను కెటిల్ పట్టుకుని అలాగే కొయ్యబారిపోయాడు. మెచ్చుకోకపోతే పోనీ, మరీ ఇంత కుళ్లా అని అందరూ ముక్కున వేలేసుకున్నారు.

ఈ పిచ్చి ఆయనకి పుట్టుకతో వచ్చింది కాదట. అంతకుముందు కళ్ల గురించి తప్ప నోరు విప్పని మనిషట. ఈమధ్యే పట్టింది, పట్టడం పట్టడమే ముదిరింది.

అందరికీ ఇది నవ్వులాట. ఒక్క మందుల షాపు కోడలికి మాత్రం ప్రాణసంకటం. ఎందుకంటే బాబాయి పొద్దుటాట షాపులో అయితే, సాయంత్రం ఆట వాళ్లింట్లో.

ఆ కోడలు వీధి మలుపులో మందుల షాపు నడుపుతుంది. భర్తకి ఊళ్లు తిరిగే ఉద్యోగం. ఇంట్లో ఉండేది తనూ, మామగారూ. మామగారు ప్లీడరు. మామూలు ప్లీడరు కాదు. ఆయన లేచి నిలబడి గొంతు సవరించుకుంటే అవతలి పార్టీవాడు రాజీకొచ్చేసేవాడని చెప్పుకునేవాళ్లు. నోరే ఆస్తిగా బతికిన ఆ మనిషికి ఉన్నట్టుండి పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ మెల్లగా దారికొచ్చాయి గానీ మాట రాలేదు. అప్పుడే కొడుకు ఆయన్ని ఈ వీధిలోని తమ ఇంటికి తెచ్చుకున్నాడు. మొదట్లో ఒట్టి మూలుగే. తర్వాత తర్వాత ఒక మాట, రెండు మాటలు. అవి కూడా బావిలోంచి చేదతో తోడినట్టు, ఆగి ఆగి వచ్చేవి.

అలాంటి మనిషి ఎదురుగా రోజూ సాయంత్రం, షాపు మూయగానే, అద్దాల బాబాయి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చునేవాడు. వచ్చీ రావడంతోనే మొదలు.

"ప్లీడరుగారూ, పొద్దున్నించీ ఒకటే ఆలోచనండీ. రైలు సినిమాలో ఆ ముసలావిడ ప్లాట్‌ఫారం మీద ట్రంకుపెట్టె ఎక్కి కూర్చుని ఏడుస్తుంది చూశారూ! పెట్టె మీద కూర్చుని ఎవరన్నా ఏడుస్తారా? దానికి జనం చప్పట్లు! అంత సీన్ లేదండీ."

ప్లీడరుగారి కనుబొమలు లేచాయి. "పె... పె..."

"పెద్ద డైరెక్టరైతే మాత్రం? తప్పు తప్పే."

"పెట్టె... కాదు!"

"పెట్టె కాకపోతే ఏంటండీ, సింహాసనమా?"

"బెం... బెంచీ!"

"ఆ స్టేషన్లో బెంచీ ఎక్కడిదండీ? నేను రెండు కళ్లతో చూశాను."

"ఉంది! ప... పచ్చ బెంచీ! ఒక కాలు... విరిగింది!" ప్లీడరుగారు కుర్చీ చేతిని దబీదబీమని బాదారు. మొహం ఎర్రగా కందిపోయింది.

కాఫీ తెచ్చిన కోడలు కప్పులు బల్లమీద పెట్టింది. ఆవిడకి ఒకటే విడ్డూరం. మామగారి బాధ సంగతి అటుంచండి. ఒక మనిషి ఒక సినిమాని ఇంత తప్పుగా చూడగలడా? బెంచీని పెట్టె అంటాడు, వానని ఎండ అంటాడు, అక్కని అత్త అంటాడు. ఇతను వీధిలో అందరి చూపూ దిద్దేవాడు! ఈయన దగ్గర కొన్న అద్దాలు పెట్టుకునే తను రోజూ మందుసీసాల మీద పేర్లు చదువుతోందా! ఆ ఆలోచన రాగానే ఆ రోజు అమ్మిన మందులన్నీ మరోసారి గుర్తుచేసుకుంది.

బాబాయి వెళ్లగానే ఆవిడ బీపీ మిషన్ తెచ్చి మామగారి చేతికి చుట్టేది. మిషన్ ఉస్సురుస్సురని గాలి పీల్చుకుని, అంకె చూపించేది. అది ప్రతిసారీ ఉండాల్సినదానికన్నా పైనే ఉండేది.

"మావయ్యగారూ, ఎందుకండీ ఆయన మాటలు పట్టించుకుంటారు? ఆయనకి నచ్చదు, మీకు నచ్చుతుంది. అయిపోయిందిగా."

"అబ... అబద్ధం!" అనేవారాయన, పళ్లు నూరుతూ. "రికార్డులో... అబద్ధం... ఉండకూడదు!"

చివరికి ఒకరోజు పుట్టి మునిగింది. మెట్ల సినిమాలో హీరోయిన్ ఆఖర్న మెట్లు దిగి వెళ్లిపోతుందనీ, అంత నీరసమైన ముగింపు ఎక్కడా చూడలేదనీ బాబాయి సెలవిచ్చాడు. ఆ సినిమా చూసిన పసిపిల్లకైనా తెలుసు, ఆ అమ్మాయి మెట్లు దిగదు, ఎక్కుతుంది. సినిమా మొత్తం నిలబడ్డదే దాని మీద.

"ఎక్కు... ఎక్కుతుంది!" ప్లీడరుగారు అరిచారు. అరవడమే కాదు, రెండు చేతులూ ఊతం పెట్టి, జడ్జిగారి ముందు లేచినట్టు సగానికి పైగా లేచి నిలబడిపోయారు. మోకాళ్లు వణికాయి, మళ్లీ కుర్చీలో కూలబడ్డారు.

కోడలు ఒక్క అంగలో వచ్చి మిషన్ చుట్టింది. అంకె ఎప్పుడూ లేనంత పైకి ఎక్కింది. మాత్ర వేసి, నీళ్లు తాగించి, ఆయన స్థిమితపడ్డాక బాబాయి వైపు తిరిగింది.

"బాబాయిగారూ, మీకు ఆ డైరెక్టరంటే గిట్టకపోతే ఆయన ఇంటి ముందు నిలబడి తిట్టుకోండి. మా మావయ్యగారి ప్రాణం మీదికి తేకండి."

"అది కాదమ్మాయ్, నేను సినిమా గురించి..."

"సినిమా గురించీ వద్దు, నాటకం గురించీ వద్దు. రేపట్నుంచి మా గడప తొక్కకండి."

బాబాయి మిషన్ వైపు చూశాడు. "అది... సరిగ్గానే చూపిస్తోందా అమ్మాయ్?"

"మీ అద్దాలు తుడుచుకుని మీరే చూడండి."

చూశాడు. కుర్చీని ఎక్కణ్నించి లాగాడో అక్కడే పెట్టి, చప్పుడు చెయ్యకుండా వెళ్లిపోయాడు. వీధంతా కోడలినే మెచ్చుకుంది. టీ కొట్టతనైతే, "మంచిపని చేశావమ్మా, ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలిగా" అన్నాడు.

ఇల్లు ప్రశాంతంగా మారింది. మిషన్ కూడా చల్లబడింది. రోజురోజుకీ అంకె దిగుతూ, పాఠ్యపుస్తకంలో అచ్చేసినట్టు ముచ్చటగా వచ్చేది. కోడలు ఫోన్ చేసి భర్తకి గొప్పగా చెప్పుకుంది.

చుట్టాలు వచ్చేవాళ్లు, పోయేవాళ్లు. "ఎలా ఉన్నారండీ ప్లీడరుగారూ?" అని అడిగేవాళ్లు. ఆయన నోరు మెదిపేలోపే "బాగున్నారు, చాలా తేరుకున్నారు" అని వాళ్లే జవాబు చెప్పేసి, బిస్కెట్లు తిని వెళ్లిపోయేవాళ్లు. కోడలూ అంతే. "మంచినీళ్లు కావాలా? ఇదిగోండి. ఫ్యాను వెయ్యనా? వేశాను." ఆయన మాట్లాడాల్సిన అవసరమే ఆ ఇంట్లో లేకుండాపోయింది. ఒక్క సాయంత్రం వేళ మాత్రం, ఎవరూ చెప్పకుండానే చొక్కా తొడుక్కుని, మంచి చేత్తో బొత్తాలు పెట్టుకుని, గుమ్మం వైపు కుర్చీ తిప్పించుకుని కూర్చునేవారు. చీకటి పడేదాకా అలా కూర్చుని, బొత్తాలు తీసేసుకునేవారు.

అప్పుడొచ్చింది మాటల డాక్టరమ్మ. మాట పడిపోయినవాళ్లకి మళ్లీ మాట నేర్పడం ఆవిడ వృత్తి. సంచీనిండా బొమ్మల అట్టలు. అప్పుడప్పుడూ వచ్చి, ఎంత మెరుగయిందో చూసి వెళ్తుంటుంది.

"ఇదేంటండీ ప్లీడరుగారూ?" అని చెంచా బొమ్మ చూపించింది. ఆయన మొహం తిప్పుకున్నారు. బంతి చూపించింది. గోడ వైపు చూశారు. పిల్లిని చూపించింది. కళ్లు మూసుకున్నారు.

డాక్టరమ్మ ఎర్రగా చూసింది, ఆయన్ని కాదు, కోడల్ని. "ఏం చేశావమ్మా ఈయన్ని?"

"నేనా? నేనేం చేశానండీ? బీపీ చూడండి, ఎంత బాగుందో!"

"పోయినసారి నేను ఇదే చెంచా చూపిస్తే, 'ఇది సాక్ష్యానికి పనికిరాదు' అన్నాడమ్మా ఈ మనిషి! వాక్యం! పూర్తి వాక్యం! నేను మా ఇంట్లో అందరికీ చెప్పుకుని మురిసిపోయాను. ఈయనతో ఎవరో రోజూ పోట్లాడతారని చెప్పావే, ఆయనేడీ?"

"ఆయన్ని... నేనే రావద్దన్నానండీ."

డాక్టరమ్మ అట్టలన్నీ సంచీలోకి తోసేసింది. "బీపీకి మాత్ర ఉంది తల్లీ. మందుల షాపుదానివి, నీకు నేను చెప్పాలా? మాటకి మాత్ర లేదు. వచ్చిన మాట వాడుతూ ఉండాలి. వాడకపోతే వచ్చిన దారినే పోతుంది. పోయిందంటే మళ్లీ పిలుచుకురావడం నావల్ల కాదు. మాత్ర మార్చమని పెద్ద డాక్టర్‌తో నేను మాట్లాడతాను. నువ్వు ముందు ఆ తగాదాకోరుని పట్టుకురా."

మంచిదనుకుని కోడలు తలుపేసింది. ఆ తలుపుతో పాటు మామగారి నోరు కూడా మూసేసిందన్నమాట. చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా అద్దాల షాపుకి పరుగెత్తింది.

షాపు మూసి ఉంది. వెనకవైపు గదుల్లో వాళ్ల కాపురం. తలుపు తడితే బాబాయి భార్య తీసింది. కోడలు లోపల అడుగుపెట్టి, ఎదురుగోడ చూసి, పెట్టిన అడుగు పెట్టినట్టే నిలబడిపోయింది.

గోడమీద ఇంతెత్తు ఫోటో. ఎవరిదనుకున్నారు? పెద్ద డైరెక్టర్‌దే! నగిషీ చెక్కిన చట్రం కట్టించి, దుమ్ము లేకుండా తుడిచి పెట్టారు.

"పిన్నిగారూ! ఇదేంటండీ?"

"ఆయనేనమ్మా, మా ఇంటి దేవుడు," అంది పిన్ని నిట్టూరుస్తూ. "మా పెళ్లయిన కొత్తలో ఈయన నన్ను ముచ్చటగా తీసుకెళ్లిందెక్కడికీ కాదు, గొడుగు సినిమాకే. ఒకసారి కాదు, ఆ వారమంతా! రోజూ మీ ఇంట్లో ఆయన్ని చెడామడా తిట్టిరావడం, వచ్చి ఈ ఫోటో ముందు లెంపలేసుకోవడం. 'తప్పలేదు స్వామీ, మన్నించు' అని అన్నం కూడా తినేవాడు కాదు. ఆ బహుమతి వచ్చిన రోజు నల్లకళ్లద్దాల వెనకాల ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి. మళ్లీ ఆ కళ్లకి నేనే చుక్కలు వేశాను."

కోడలు పక్కనున్న స్టూలు మీద కూలబడింది. "ఇప్పుడెక్కడున్నారు పిన్నిగారూ?"

"ఇంకెక్కడుంటాడు? థియేటర్లో పాత సినిమాలు వేస్తున్నారుగా. పొద్దుటాట గొడుగు సినిమా."

థియేటర్ దగ్గరే. చీకట్లో తడుముకుంటూ కోడలు ముందు వరస దాకా వెళ్లింది. హాల్లో జనం పలచగా ఉన్నారు. మొదటి వరసలో బాబాయి ఒక్కడే. తెరమీద ఎవరు మాట్లాడినా ఆయన పెదవులు కదులుతున్నాయి. హీరో మాటలూ ఆయనే, హీరోయిన్ మాటలూ ఆయనే, మధ్యలో మొరిగే కుక్క కూడా ఆయనే. బుగ్గల మీద నీళ్లు ధారగా కారుతున్నాయి. కోడలు పక్క సీట్లో కూర్చుంది. ఆయన తల తిప్పాడు. అదిరిపడ్డాడు. వెక్కిళ్ల మధ్యనే అలవాటు కొద్దీ నోరు తెరిచాడు.

"అంత... సీన్... లే... లేదమ్మాయ్."

"బాబాయిగారూ!"

"ష్!" అన్నారు వెనకనించి ఎవరో.

ఆవిడ గొంతు తగ్గించింది. "ఫోటో చూశాను. పిన్నిగారు అంతా చెప్పారు. మీకు ఇంత ప్రాణమైతే, మా ఇంట్లో ఆ తిట్లేంటండీ? ఆ తప్పులేంటండీ?"

బాబాయి చొక్కా అంచుతో మొహం తుడుచుకున్నాడు. "మీ మావయ్యకి చూపు చూడ్డానికి మీ ఇంటికొచ్చాను చూడు మొదటిసారి. 'ఈ అద్దం బాగుందా, ఈ అద్దమా' అంటే పలకడు. తలన్నా ఊపడు. ఏం చెయ్యాలో తోచక, గొడుగు సినిమా గురించి నాకు నేనే చెప్పుకోవడం మొదలెట్టాను. కంగార్లో నల్లగొడుగు ఎగిరిపోయిందన్నాను. అప్పుడు పలికాడమ్మాయ్. 'ఎర్రది' అన్నాడు."

తెరమీద సరిగ్గా అప్పుడే గొడుగు గాల్లోకి లేచింది. ఎర్రగా, తెరంతా నిండిపోయింది.

"కళ్లద్దాలవాణ్ని, రంగు తప్పు చెప్పానని సిగ్గుతో చచ్చాననుకో. కానీ మాట వచ్చింది! మర్నాడు అన్నీ ఒప్పుగా చెప్పాను. ఉలకలేదు పలకలేదు. మళ్లీ ఒక తప్పు చెప్పాను, పలికాడు. తప్పు మీద ఒక తిట్టు కూడా జోడించాను, రెండు మాటలన్నాడు."

"అయ్యా, మీ సొంత సినిమా బయట వేసుకోండి!" అన్నాడు వెనకాయన.

బాబాయి ఇంకా గొంతు తగ్గించాడు. "తప్పు చెప్పడం తేలికనుకున్నావా? మరీ పెద్ద తప్పయితే నవ్వి ఊరుకుంటాడు. మరీ చిన్నదైతే పోనీలే అనుకుంటాడు. అద్దం మార్చి మార్చి చూసినట్టే, ఆ పూట ఆయనకి ఏ తప్పు సరిపోతుందో చూసుకోవాలి. అందుకే ప్రతి సినిమా మళ్లీ మళ్లీ చూసుకుని వచ్చేవాణ్ని. ఆ మెట్ల ముగింపు మాత్రం పవర్ ఎక్కువైపోయింది. అది నా తప్పే. లేచి నిలబడతాడని అనుకోలేదు."

"మరి షాపులో కూడా ఎందుకండీ? ఆ కాలేజీ అమ్మాయినీ, ఆ పెళ్లికొడుకునీ?"

"బాగుంది! షాపులో పొగిడితే మీ ఇంటికి చేరడానికి ఎంతసేపు పడుతుంది? టీ కొట్టువాడి నోరు నీకు తెలీదా?"

"నేను రావద్దన్నప్పుడైనా ఒక్క ముక్క చెప్పొచ్చుగా!"

"ఎలా చెప్పను? నువ్వు చెయ్యి పట్టుకుని మీ మావయ్య ప్రాణం చూసుకుంటున్నావు. ఆ మిషన్‌తో నేను వాదించగలనా? పైగా నేను జాలిపడి పోట్లాడుతున్నానని తెలిస్తే ఆయన జవాబిస్తాడా? ప్లీడరు కదమ్మా! జాలికి జవాబేముంటుంది?"

"సాయంత్రం రండి," అంది కోడలు. "మావయ్యగారు చొక్కా తొడుక్కునే కూర్చుంటున్నారు."

సాయంత్రమయ్యింది. కోడలికీ బాబాయికీ ముందే ఒప్పందం: సగం పవర్ తప్పుతో మొదలెట్టాలి, కోడలు గుమ్మం పక్కన మిషన్ పట్టుకుని నిలబడాలి. బాబాయి దొంగలా లోపలికొచ్చి, కుర్చీ అంచున కూర్చున్నాడు. ప్లీడరుగారు ఆయన్ని పైనించి కిందిదాకా చూశారు.

"ఇటుగా పోతూ వచ్చానండీ," అన్నాడు బాబాయి. "అదే... రైలు సినిమా. ఆఖర్న ముసలావిడ రైలెక్కకుండా ఉండిపోతుంది కదండీ. ఒట్టి నీరసం. అంత సీన్ లేదు."

ఎక్కకపోవడమేంటి! ఎక్కుతుంది. కిటికీలోంచి చెయ్యి ఊపుతుంది. ప్లీడరుగారు ఇప్పుడు అంటారు, ఇదిగో అంటారు అని కోడలు ఎదురుచూసింది.

ప్లీడరుగారు పైకప్పు వైపు చూశారు. ఫ్యాను తిరుగుతోంది. ఎంతకీ మాట రాదే! మాట పోయిందా, డాక్టరమ్మ అన్నంత పనీ అయిందా అని కోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నిజమే," అన్నారు ప్లీడరుగారు.

బాబాయి ఉలిక్కిపడ్డాడు. "ఏంటండీ?"

"నువ్వు... చెప్పింది... నిజమే. అంత గొప్ప... సినిమా... కాదు."

కోడలి చేతిలోంచి మిషన్ జారిపోబోయింది. బాబాయి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అప్పట్లో... కోర్టు వెనకే... థియేటర్. కేసు వాయిదా పడితే... అందులోకి. చల్లగా ఉండేది. చూశాను... అన్నీ చూశాను." ఆగి ఊపిరి తీసుకున్నారు. "సగం... నిద్రపోయేవాణ్ని. గొడుగు సినిమా... పాటలు ఎక్కువ. మెట్ల సినిమా... అర్థం కాదు. రైలు సినిమా..." చెయ్యి విదిలించారు. "సాగదీత."

"సాగదీతా!" బాబాయి స్ప్రింగులా లేచాడు. "రైలు సినిమా సాగదీతా? ఏమన్నారండీ? ఆ ముసలావిడ కిటికీలోంచి చెయ్యి ఊపుతుంటే, ఆ చెయ్యి మీద ఎండ పడి, ఆ ఎండ అలా అలా జారి మోచెయ్యి దాకా వచ్చేలోపు రైలు మలుపు తిరుగుతుందే, ఆ ఒక్క ముక్క కోసం ఆ మహానుభావుడు ఎన్ని పొద్దులు ఎదురుచూశాడో తెలుసా మీకు? దాన్ని సాగదీత అంటారా? మీకు కళ్లున్నాయా అసలు? పచ్చబెంచీ విరిగిన కాలు మొదటి సీన్లో చూపించి..."

"ఆగు." ప్లీడరుగారు వేలెత్తారు. ఆ వేలు చూసి బాబాయి బోనులో నిలబడ్డవాడిలా ఆగిపోయాడు. "ముసలావిడ... రైలు ఎక్కలేదన్నావు... ఇప్పుడే. మరి... కిటికీలోంచి... చెయ్యెలా... ఊపింది?"

బాబాయి అద్దాలు సర్దుకున్నాడు.

"బెంచీ... లేదన్నావు... ఆ రోజు. విరిగిన కాలు... ఎలా... తెలుసు?"

బాబాయి సాయం కోసం కోడలి వైపు చూశాడు.

"ఇంక... ప్రశ్నలు... లేవు," అన్నారు ప్లీడరుగారు. పక్షవాతం వచ్చాక మొట్టమొదటిసారి, మూతి వంకర కూడా లెక్కచెయ్యకుండా, పళ్లన్నీ కనిపించేలా నవ్వారు.

బాబాయి కుర్చీలో కూలబడ్డాడు. "ఎప్పుడు తెలిసిందండీ?"

"ఎప్పుడో. అన్ని తప్పులు... ఒక్కటీ... మళ్లీ రాకుండా చెప్పాలంటే... సినిమా... కంఠతా వచ్చుండాలి."

"మరి తెలిసి కూడా ఎందుకు అరిచారు మావయ్యగారూ?" అంది కోడలు, ఉండబట్టలేక. "బీపీ ఎంత పెరిగిందో తెలుసా?"

"అబద్ధమని... తెలిసినా... కోపం... వస్తుందమ్మా. ప్లీడర్ని." ఆయన బాబాయి వైపు చూశారు. చూపు మెత్తబడింది. "పైగా... ఇతను... రోజంతా కష్టపడి... తప్పులు వెతుక్కొస్తుంటే... ఊరుకుంటే... ఏం బాగుంటుంది?"

బాబాయి అద్దాలు తీసి తుడుచుకున్నాడు. పెట్టుకున్నాడు. మళ్లీ తీసి తుడుచుకున్నాడు. "అయితే ఆ సాగదీత అన్నది... నన్ను పట్టుకోడానికి అన్నారన్నమాట! అమ్మయ్య!"

"కాదు. అది... నిజమే. సాగదీతే."

"సాగదీతా!" బాబాయి మళ్లీ లేచాడు. ఈసారి కుర్చీ వెనక్కి పడింది. ఇన్నాళ్లు దాచుకున్న భక్తంతా ఒక్కసారి గట్టు తెంచుకుంది. ఒక చెయ్యి రైలయింది, రెండో చెయ్యి ముసలావిడ అయింది, నోరు ఇంజను అయింది. ప్లీడరుగారు ప్రతి ముక్కకీ వేలెత్తి, అడ్డుపడి, ఆగి ఆగి, తడుముకుని తడుముకుని, ఒక్కో మాటే తోడి ఆయన మీద పోస్తున్నారు. ఆయన రైలు అంటే ఈయన 'ఆలస్యం' అంటారు, ఆయన ఎండ అంటే ఈయన 'కళ్లు మండాయి' అంటారు. కోడలు మిషన్‌ని పెట్టెలో పెట్టేసి, మూత వేసి, తనూ ఒక కుర్చీ లాక్కుంది.

ఆ కేకలకి వీధిలో నలుగురూ పోగయ్యారు. టీ కొట్టతను కిటికీ ఊచలు పట్టుకుని లోపలికి తొంగిచూశాడు. చూసింది నమ్మలేక కళ్లు నులుముకున్నాడు.

"అమ్మా, బాబాయికి ఒంట్లో బాగాలేదా ఏంటి?" అన్నాడు హడలిపోయి. "పెద్ద డైరెక్టర్ని పొగుడుతున్నాడు! ఎవరినన్నా పిలుచుకురానా?"

"ఏం భయం లేదు," అంది కోడలు, వాళ్ల మాటలకి చెవి ఒగ్గి. "మా మావయ్యగారు మాట్లాడుతున్నారుగా. ఆయన చూసుకుంటారు."